మాటలు రావాలె, పాట రావద్దు

ఇప్పుడు గద్వాలలో జమ్ములమ్మ గుడి దారిన పొద్దున్నే నడిచే ఆడవాళ్లు చాలామంది కనిపిస్తారు. కొందరు చీర మీద బూట్లు కూడా తొడుక్కుని, నవ్వుకుంటూ గుంపులుగా పోతుంటారు. మూడేళ్ల కింద, ఆ ఎండాకాలంలో, మా వాడకట్టు నుంచి పోయింది మేమిద్దరమే. మా అత్తమ్మ ఇందిరమ్మ, నేను. ఆమెకు బూట్లు లేవు. నాకు నడవాలన్న ఆశ లేదు. అయినా ఆ రోజులు తలుచుకుంటే ముందుగా నాకు వినిపించేది ఆమె రబ్బరు చెప్పుల చప్పుడే. మడమకు తగిలి టపటపమని మోగుతూ, ఎప్పుడూ నాకంటే రెండడుగులు ముందు ఉండేది ఆ చప్పుడు.

మాది నేతపని చేసే ఇల్లు. ముందు గదిలో రెండు గుంత మగ్గాలు. ఒకదాని మీద మా మామ బాలస్వామి, ఇంకోదాని మీద నా భర్త భాస్కర్. అత్తమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చుని పొద్దుందాకా నూలు కండెలు చుట్టేది. సన్నటి మనిషి. చేతిలో పని లేకుండా ఆమెను నేను చూడలేదు. నేను కొల్లాపూర్ నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్లు.

ఆ ఎండాకాలానికి ముందటి చలికాలంలో నాకు ఐదో నెల కడుపు పోయింది. దవాఖాన నుంచి అమ్మ నన్ను కొల్లాపూర్ తీసుకుపోయింది. సంక్రాంతి దాటినాక మళ్లీ గద్వాలకు వచ్చాను. వచ్చానన్న మాటేగాని, వెనక గదిలోంచి బయటకు రాలేదు. వండిన అన్నం ఎవరైనా తెచ్చి పెడితే తినేదాన్ని, లేకపోతే లేదు. భాస్కర్ పక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడబోయేవాడు. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. మగ్గాల చప్పుడు ఆగితే ఒక బాధ, ఆగకపోతే ఒక బాధ.

అట్లాంటి రోజుల్లో నేతకార్ల కోసం మా వాడకట్టులో ఒక ఆరోగ్య శిబిరం పెట్టారు. మామకు నడుం నొప్పి. ఆయన్ను తీసుకుపోయిన అత్తమ్మ చేతి నుంచి కూడా రక్తం తీశారు. వారం తర్వాత మామకు ఏమీ లేదని, అత్తమ్మను మాత్రం దవాఖానకు రమ్మని కబురు వచ్చింది. భాస్కర్ ఆ రోజు నూలు కోసం బయటికి పోవాల్సి ఉండింది.

"శ్రీజా, జర నువ్వు తీస్కపోతవా అమ్మను?" అన్నాడు తలుపు దగ్గర నిలబడి.

వద్దనడానికి కూడా ఓపిక కావాలి. చీర మార్చుకుని బయల్దేరాను. రెండు నెలల తర్వాత వీధిలోకి రావడం అదే.

దవాఖానలో డాక్టర్ యామిని అని ఒక చిన్నవయసు మనిషి ఉండేది. అచ్చంపేట వైపు ఆమె. అత్తమ్మను కూర్చోబెట్టి, రిపోర్టు చూసి, "ఇందిరమ్మా, మీ ఇంట్ల ఎవరికన్న గుండె జబ్బు ఉండెనా?" అని అడిగింది.

అత్తమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. "మా తమ్ముడు సుదర్శన్ మగ్గం మీదనే తల వాల్చిండు. నలభై ఏండ్లు గూడ నిండలే. మా నాయిన గూడ గట్లనే జల్ది పోయిండు."

డాక్టర్ కలం పక్కన పెట్టింది. "మీ రక్తంల కొవ్వు ఎక్కువున్నదమ్మా. రెండు తీర్లది ఎక్కువున్నది. చెడ్డ కొలెస్ట్రాల్ ఒకటి, ట్రైగ్లిజరైడ్స్ అనేటియి ఇంకొకటి. మంచి కొలెస్ట్రాలేమో తక్కువున్నది."

"కొవ్వా?" అత్తమ్మ తన మోచేతిని తనే చూసుకుంది. "నా ఒంట్ల యాడున్నదమ్మా కొవ్వు? ఎవరిదన్న కాయితం కలిసిపోయిందేమో సూడు."

"మీదే. సన్నగున్నోళ్లకు రావద్దని లేదు. పైకి కనపడేది వేరు, నెత్తుర్ల తిరిగేది వేరు. ఇప్పుడైతే ఒక పని చేద్దాం. తిండిల నూనె, చక్కెర తగ్గియ్యండి. రోజూ అరగంటకు తక్కువ కాకుండ గట్టిగ నడవండి. మూడు నెలలైనంక మల్ల రక్తం చూసి గోలీల సంగతి చెప్త."

"పొద్దుందాక పని చేస్తనే ఉంట గదమ్మా. ఇంకా నడుసుడెందుకు?"

"కూసోనే చేస్తరు గదా. రాట్నం తిప్పితే చెయ్యి నొస్తది, గుండె ఉరకదు. గట్టిగ నడిస్తే కాళ్ల కండలు నెత్తుర్లున్న కొవ్వును కట్టెల్లెక్క కాల్చుకుంటయి. ఒక్కరోజు నడిస్తే ఆ ఒక్కరోజుకే. అందుకే ఇడువకుండ నడవాలె."

"గట్టిగ అంటే ఎంత గట్టిగ?"

డాక్టర్ నవ్వింది. "నడుస్తుంటే మాటలు రావాలె, పాట రావద్దు. పాట పాడొస్తున్నదంటే మీరు మెల్లగ నడుస్తున్నరని. మాట గూడ రాకుంటే మరీ ఎక్కువైనట్టు. ఛాతిల నొప్పి లేసినా, కండ్లు తిరిగినా ఆగి సీదా దవాఖానకు రావాలె."

అత్తమ్మ తలూపింది. లేవబోయి, మళ్లీ కూర్చుంది. "ఒక్కదాన్ని నేను పోనమ్మా. ఆడమనిషి పొద్దున్నే పని లేకుండ రోడ్ల పొంటి తిరిగితే నలుగురేమంటరు? మా కోడలు వస్తే పోత."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను నేల చూశాను. "వస్తది. ఎందుకు రాదు?" అంది డాక్టర్.

అట్లా మొదలైంది.

మొదటి రోజు పొద్దున్నే అత్తమ్మ చేతిలో ఒక సంచీ పట్టుకుని వచ్చింది. అందులో ఒక కొబ్బరికాయ. ఎందుకని అడిగితే, "ఊకె నడుస్తున్నమంటే నవ్వుతరు. గుడికి పోతున్నమని చెప్దాం" అంది. వీధి మలుపులోనే జంగమ్మ ఎదురైంది. ఆమె మా పక్కింటి మనిషి. తెల్లారకముందే వాకిలి ఊడ్చి, వచ్చేపోయేవాళ్లను అరుసుకోవడం ఆమెకు అలవాటు.

"అత్తాకోడండ్లు యాడికి బయల్దేరిండ్రు?"

"జమ్ములమ్మ కాడికి."

"ఇయ్యాల మంగళారం గూడ గాదు గదా వదినా."

"మొక్కు ఉన్నది."

జంగమ్మ చూపు నా కడుపు మీదికి వచ్చి, మొహం మీదికి పోయింది. ఆ చూపుకే నేను రెండు నెలలు గదిలో దాక్కున్నది. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. ఆ కొబ్బరికాయ వారం రోజులు మాతో వచ్చి, వారం రోజులు మాతోనే తిరిగి వచ్చింది. చివరికి అది కుళ్లి, మామ దాన్ని పారేయబోతుంటే అత్తమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మరుసటి రోజు నుంచి ఉత్త చేతులతోనే పోయాం.

కోట గోడ పక్క నుంచి పోయి, ఊరు దాటితే, దారికి రెండు వైపులా చేలు. అప్పటికే పత్తి తీసేసి దున్నకుండా వదిలేసిన నేలలు. ఇంకా పోతే రిజర్వాయర్ కట్ట. నీళ్ల మీది నుంచి వచ్చే గాలి ఆ ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది. కొంగలు నీటి అంచున ఒంటికాలి మీద నిలబడి ఉండేవి. మొదట్లో అత్తమ్మకు సగం దారికే ఆయాసం వచ్చేది. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడేవి. ఆమె నడక ఆడవాళ్లు నీళ్ల బిందె మోస్తూ నడిచే నడక, జాగ్రత్తగా, నేల చూసుకుంటూ. కొన్నాళ్లకు కుచ్చిళ్లు కొంచెం పైకి దోపడం నేర్చుకుంది.

నేను మాట్లాడేదాన్ని కాదు. ఆమె వెనక పోయేదాన్ని, అంతే.

ఒకరోజు కట్ట మీద ఆమె ఆగి వెనక్కి తిరిగింది. "పిల్లా, డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"ఏం చెప్పింది?"

"మాటలు రావాలె, పాట రావద్దు అన్నదా లేదా? నువ్వు నోరు తెరువకుంటే నాకు మాట వస్తున్నదో లేదో ఎట్ల తెలుస్తది? నా అంతట నేనే మాట్లాడుకుంటే పిచ్చిదనుకుంటరు."

"ఏం మాట్లాడాలె అత్తమ్మా?"

"ఏదో ఒకటి. మీ కొల్లాపూర్ల మామిడి తోటలుంటయి గదా, గా ముచ్చట చెప్పు."

నేను మొదలుపెట్టాను. మా నాన్న తోటలు కౌలుకు పట్టేవాడు. కాయ పిందె కట్టినప్పటి నుంచి కోసేదాకా మేం తోటలోనే గుడిసె వేసుకుని ఉండేవాళ్లం. గాలిదుమారం వచ్చిన రోజు అందరం సంచులు పట్టుకుని చెట్ల కిందికి ఉరికేవాళ్లం. నాన్న మాత్రం ఉరకకుండా గుడిసె ముందే కూర్చునేవాడు. రాలిన కాయను చూడబుద్ధి కాదనేవాడు. ఇదంతా చెబుతూ నడుస్తుంటే నాకు ఎగపోస్తోంది. రెండు నెలలు మంచం మీద ఉన్నదాన్ని కదా. నా ఆయాసం చూసి అత్తమ్మ, "చూసినవా, నీకే మాట వస్తలేదు. నెత్తురు నీది చూడాల్సి ఉండె" అంది.

నేను నవ్వాను. నవ్విన తర్వాత, నవ్వానని తెలిసింది.

ఆ తర్వాత రోజుకొక ముచ్చట. ఆమె పుట్టిల్లు అయిజ వైపు పల్లె. చిన్నప్పుడు చేనులో ఉన్న నాన్నకు రొట్టెలు పట్టుకుని ఉరికేదట. రొట్టె వేడి తగ్గకముందే చేనికి చేరాలని ఆమెకూ, తమ్ముడు సుదర్శన్‌కూ పందెం. "ఎప్పుడు నేనే గెలుస్తుంటి. వాడు సగం దారిలనే కూసోని ఏడుస్తుండె" అంది. పెళ్లయినాక మళ్లీ ఎప్పుడూ ఉరకలేదట. ఉరకాల్సిన పని ఎక్కడ? కూర్చున్నచోటే జీవితం. కండె అయిపోతే ఇంకో కండె. "నడుస్తుంటే వాడు మతికొస్తుండు. చిన్నప్పటి వాడు. మగ్గం మీదోడు కాదు" అంది.

ఇంట్లో కూడా కొన్ని మారాయి. మేం వచ్చేసరికి మామకు చాయ్ అందేది కాదు. నాలుగు రోజులు గొణిగి, ఐదో రోజు ఆయనే పొయ్యి వెలిగించాడు. పాలు పొంగి పొయ్యి మీద పోయాయి. గిన్నె మాడింది. ఆ చాయ్‌ని మా ఇద్దరికీ గ్లాసుల్లో పోసి, "ఎట్లున్నది?" అని నిలబడ్డాడు.

"చక్కెర ఎయ్యలేదా?" అంది అత్తమ్మ.

"నీకు వద్దన్నరు గదా. అందరికి బంద్ చేసిన."

భాస్కర్ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి నన్ను చూశాడు. ఇద్దరం ఒకేసారి మొహాలు తిప్పుకున్నాం, నవ్వు కనబడకుండా. సాయంత్రం మిరపకాయ బజ్జీలు పోయాయి. రాత్రి అన్నం పోయి జొన్నరొట్టె వచ్చింది. కోట దగ్గర బండి మీద బొరుగుల ఉగ్గాని వాసన వస్తే అత్తమ్మ నడక దానంతట అదే జోరయ్యేది. "గీడ ఆగితే అయిపోతం. నడువ్" అనేది.

చైత్రం పోయి వైశాఖం వచ్చింది. ఎండలు ముదిరాయి. వెలుగు రాకముందే బయల్దేరి, ఎండ తగలకముందే ఇంటికి చేరేవాళ్లం. అత్తమ్మ ఇప్పుడు కట్ట చివరిదాకా ఆగకుండా నడుస్తోంది. నేనే ఆమె వెనక ఉరుకుతున్నాను. ఊరిలో ఎదురయ్యేవాళ్లకు మేం అలవాటైపోయాం. ఒకరోజు జంగమ్మ కూడా కొంత దూరం మాతో వచ్చింది. కోట గోడ దాటకముందే, "నాతోని కాదు వదినా, మీరిద్దరు గుర్రాలోలె పోతుండ్రు" అని వెనక్కి తిరిగింది. వెనక్కి తిరిగే ముందు నా భుజం మీద చెయ్యి వేసి, "మంచిగైనవ్ బిడ్డా" అంది. ఆ మాటలో చెడు ఏమీ లేదు. బహుశా ఆమె చూపులో కూడా మొదటి నుంచీ లేదేమో.

నాకు మంచిగా అయిందో లేదో తెలియదు. ఆకలి అవుతోంది. నిద్ర పడుతోంది. కానీ ఒక ప్రశ్న మాత్రం లోపల ముల్లులా ఉండిపోయింది. దాన్ని భాస్కర్‌ని అడగలేను. అడిగితే అతను ఏమైపోతాడో అని భయం. అమ్మను అడిగితే, "గవన్ని మర్చిపో" అంది. మర్చిపోవాలంటే ముందు తెలియాలి కదా.

ఆ రోజు గాలి లేదు. కట్ట దగ్గరికి చేరుతున్నాం. అత్తమ్మ జోరుగా పోతోంది, నేను ఆమె పక్కన అందుకుని నడుస్తున్నాను. తమ్ముడి పెళ్లిలో జరిగిన ఏదో ముచ్చట చెబుతోంది ఆమె. నేను వింటున్నానని అనుకుంటున్నాను, వినడం లేదు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆ మాట దానంతట అది బయటికి వచ్చేసింది.

"యాడ పెట్టిండ్రు అత్తమ్మా?"

ఆమె ముచ్చట ఆగిపోయింది. నడక ఆగలేదు. చెప్పుల చప్పుడు అట్లాగే వినిపిస్తోంది. ఏమిటని ఆమె అడగలేదు, ఎవరినని కూడా అడగలేదు.

కొంత దూరం పోయినాక, "చూపిస్త, రా" అంది.

కట్ట ఎక్కకుండా పక్కనున్న బండ్లబాటలోకి తిరిగింది. ఎన్నిసార్లు దాని ముందు నుంచి పోయామో. అది మామ స్నేహితుని చేను. ఎర్ర నేల. గట్టు మీద ఒక కానుగ చెట్టు, కొత్త ఆకు వేసి తళతళలాడుతోంది. చెట్టు కింద నేలంతా దాని పూలు రాలి ఉన్నాయి. సన్నటి తెల్లటి పూలు, అంచున కొంచెం ఊదా రంగు. వాటి మధ్య ఒక చదును రాయి.

"గీడనే" అంది అత్తమ్మ. "మీ మామ, భాస్కర్ వచ్చి పెట్టిపోయిండ్రు. నాకు గూడ చెప్పలే అప్పుడు. నేనే అడిగి అడిగి చెప్పిచ్చుకున్న. నీకు చూపియ్యొద్దు, ఇంకింత కుములుతదని మీ మామ అన్నడు. నువ్వడిగితే చూపిద్దామని నేననుకున్న."

నేను రాయి దగ్గర కూర్చున్నాను. చేతితో పూలు పక్కకు తోశాను. మళ్లీ ఎందుకో దగ్గరికి లాగాను.

"ఆడపిల్లనా?"

"ఊఁ. ఆడపిల్ల."

"మీరు చూసిండ్రా?"

"చూసిన. దవాఖానల బట్టల చుట్టి నా చేతికే ఇచ్చిండ్రు. గడ్డం నీదే."

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఏడ్చాను కూడా. పెద్దగా కాదు. అత్తమ్మ నన్ను ఓదార్చలేదు. గట్టు మీద కూర్చుని చెప్పు విడిచి, అందులో దిగిన తుమ్మముల్లును పీకుతూ ఉంది. చాలాసేపు పీకింది. ముల్లు ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. దూరంగా చేనులో ఎవరో ట్రాక్టర్ మొదలుపెట్టారు. ఎండ మా కాళ్ల మీదికి వచ్చింది.

"లే బిడ్డా. ఇంట్ల చాయ్ పెట్టి చూస్తుంటడు మీ మామ" అంది చివరికి.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె నా పక్కనే నడిచింది. ఊరిలోకి వచ్చేముందు, "భాస్కర్ అప్పుడప్పుడు వస్తుంటడు గీడికి. నూలుకు పోతున్ననని చెప్పి వస్తడు. వానికి నువ్వడుగుతవేమో అని భయం, అడగవేమో అని భయం" అంది.

ఆ సాయంత్రం భాస్కర్ మగ్గం దిగి కాళ్లు కడుక్కుంటుంటే నేను తువ్వాలు తెచ్చి ఇచ్చాను. "కానుగ చెట్టు మంచిగ పూసింది" అన్నాను. అతను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి, ఆ చలికాలపు రోజు గురించి మొదటిసారి చెప్పాడు. మధ్యలో మామ వచ్చి మమ్మల్ని చూసి, లోపలికి పోయి రేడియో కట్టేశాడు.

మృగశిర కార్తెలో మళ్లీ పరగడుపున పోయి రక్తం ఇచ్చి వచ్చాం. రిపోర్టు వచ్చిన రోజు అత్తమ్మ పండగకు కట్టే చీర కట్టుకుంది, తను కండెలు చుట్టగా మామ నేసిన ఆకుపచ్చ అంచు చీర. పరీక్ష రాసి ఫలితం కోసం పోయే పిల్లలా ఉంది.

డాక్టర్ యామిని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఇందిరమ్మా, నిజంగనే నడిచిండ్రు మీరు."

"నడిచినట్టు గూడ రాస్తరా దాంట్ల?"

"రాసినట్టే. ట్రైగ్లిజరైడ్స్ సగానికి దగ్గర పడ్డయి. మీరు నడిచింది, తిండి మార్చింది రెండు పనిచేసినయి. మంచి కొలెస్ట్రాల్ జరంత పెరిగింది. అది మెల్లగనే పెరుగుతది."

అత్తమ్మ మొహం వెలిగింది. "ఇంకొకటుండె గదా?"

డాక్టర్ రెండో కాగితం మీద వేలు పెట్టింది. "చెడ్డది కొద్దిగనే దిగిందమ్మా. నడకతోని అది ఎక్కువ దిగదు. మీది ఇంటి నుంచి వచ్చింది, మీ నాయినకు, తమ్మునికి ఉన్నట్టు. దానికి గోలి కావాలె. రోజూ ఒక్కటి. నడక గూడ ఇడువొద్దు. గోలి చేసేది నడక చెయ్యదు, నడక చేసేది గోలి చెయ్యదు." తర్వాత నా వైపు తిరిగింది. "మీ ఆయనకు గూడ ఒకసారి చూపియ్యాలె. మర్చిపోవద్దు."

అత్తమ్మ తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది. "గింత నడిచిన గూడ గోలి తప్పలేదా" అంది, ఎవరితోనో అన్నట్టు.

"గోలి వచ్చిందని నడక ఉత్తగ పోలేదమ్మా. చానామంది పది దినాలు గూడ నడువరు. మీరెట్ల ఇడువకుండ నడిచిండ్రు?"

"నాదేమున్నది" అంది అత్తమ్మ. "కోడలిని బయటికి తియ్యాలె గదా. ఊకె రమ్మంటే వచ్చేది కాదు."

చాలా మామూలుగా అంది ఆ మాట. మందుల చీటీ తీసుకుని కొంగుకు ముడి వేసుకుంటూ అంది. డాక్టర్ నన్ను చూసింది. నేను కిటికీ బయటికి చూశాను. ఆమె రక్తం కోసం, ఆమె గుండె కోసం నేను తోడు పోతున్నానని, ఆ ఎండాకాలమంతా నాకొక చిన్న గర్వం ఉండేది.

ఇంటికి వచ్చినాక ఆమె చీర మార్చుకుంది. రాట్నం ముందు కూర్చుంది గాని దారం రెండుసార్లు తెగింది. సాయంత్రం భాస్కర్ గోలీలు తెచ్చాడు. వాటిని చేతిలో పట్టుకుని, "సుదర్శన్‌కు ఎవరన్న గీ గోలి ఇచ్చి ఉంటే" అని, ఆ మాట అక్కడితో ఆపి, నీళ్లతో మింగింది. మామ ఆమె పక్కనే చాలాసేపు కూర్చున్నాడు. చీకటి పడే వేళకు మొదటి వాన వచ్చింది. మట్టి వాసన మగ్గాల గదిలోకి కూడా వచ్చింది.

మరుసటి రోజు పొద్దున నాకు దానంతట అదే మెలకువ వచ్చింది. అప్పటిదాకా రోజూ తలుపు కొట్టి లేపింది ఆమే. ఆ రోజు ఏ చప్పుడూ లేదు. కాసేపు చూశాను. లేచి, వసారాలోకి పోయాను. అత్తమ్మ దుప్పటి మెడదాకా కప్పుకుని పడుకుని ఉంది. నిద్రపోవడం లేదు. కప్పు వైపు చూస్తోంది.

"అత్తమ్మా, లేండ్రి. పొద్దు పొడుస్తది."

"గోలి ఇచ్చిండ్రు గదా. ఇయ్యాలటికి ఉండనీ."

"రెండు చెయ్యాలె అన్నది గదా డాక్టరమ్మ."

"రేపటి నుంచి పోదాం తియ్. అంతట బురద ఉంటది."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. వాన తడికి బయట ఎక్కడో నెమలి అరుస్తోంది. ముందుగా అనుకుని చెప్పిన మాట కాదు.

"మీ నెత్తురు కోసం కాదు అత్తమ్మా. నాకు పోవాలని ఉన్నది."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఆ చీకటిలో మొహం సరిగ్గా కనబడలేదు. దుప్పటి కాళ్లతో తోసేసి, లేచి కూర్చుంది.

"ఆగు మరి. కొప్పన్న ముడుసుకోనీ" అంది.

వీధిలో నీళ్లు నిలిచి ఉన్నాయి. జంగమ్మ వాకిలి ఇంకా తెరవలేదు. అత్తమ్మ కుచ్చిళ్లు పైకి దోపింది. కోట గోడ దాటేదాకా మెల్లగానే పోయాం, జారుతుందని. ఆ తర్వాత దారి గట్టిపడింది. మా మామ నేసే చీరల గురించి ఏదో మొదలుపెట్టింది ఆమె. మొదట్లో మాట మాటకూ ఊపిరి తీసుకుంది, తర్వాత జోరందుకుంది. నేను జవాబు చెబుతూ ఆమె పక్కకు చేరాను.